పేరున్న ఊరికే పోవాల్నా?

మా అక్క కొడుకు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు. జనవరిలో సుట్టీ మీద ముత్యంపేటకు వచ్చి, మా వాకిట్లో నులక మంచం మీద పడుకొని, పక్కనే కూర్చున్న నన్ను అడగకుండా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడేశాడు. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. జర్మనీలో దాని ముందటి శుక్రవారం, తర్వాతి సోమవారం రెండూ సెలవులే. నాలుగు రోజులు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, గ్రీసు వైపు ఏ ఊరికి పోవాలో మీరే తేల్చండి అని.

గ్రూపులో పద్దెనిమిది మందిమి. ముత్యంపేట, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఇద్దరు దుబాయిలో. అడిగినవాడు తప్ప యూరప్ మొహం చూసినవాళ్లం ఒక్కరం లేం. అయినా పావుగంటలో ఓట్లు పడ్డాయి. అక్క రోముకు వేసింది. బావ బార్సిలోనాకు. సిరిసిల్ల చెల్లె నీలం గుమ్మటాల ఫోటో ఒకటి పెట్టి సాంటోరిని అన్నది. దుబాయి తమ్ముడు వెనిస్. ఎవరో పారిస్ అంటే అది దక్షిణం కాదురా అని ఇంకెవరో సరిదిద్దారు. చివరికి రోము గెలిచింది.

నేను ట్రియెస్టె అని రాశాను. కాసేపు ఎవరూ ఉలకలేదు పలకలేదు. తర్వాత బావ అడిగాడు: "అదేమన్న టీకా మందా?"

ఓడిన ఓటరు అక్కసు అనుకున్నా సరే, ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. ముప్పై యేండ్లు జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి. ఇటలీ పటం బూటు ఆకారంలో ఉంటుందని బోర్డు మీద గీసీ గీసీ చేయి అరిగింది గానీ పాస్‌పోర్టు మాత్రం లేదు. "చూడనోడివి, నీకేం తెలుసు" అని బావ అనకముందే నేనే ఒప్పుకుంటున్నా. ఓటేసిన మిగతావాళ్లదీ అదే పరిస్థితి కదా.

వాళ్ల వాదం ముందు చెప్తాను, తక్కువ చేయకుండా. ఉన్నవి నాలుగు రోజులు. మళ్లీ పోతామో లేదో. డబ్బు ఖర్చు, శ్రమ ఖర్చు. అలాంటప్పుడు నలుగురూ మెచ్చిన ఊరికి పోతే ఇబ్బంది ఉండదు. పేరు ఊరికే రాదు. పెద్ద చూడదగ్గవి పదో పదిహేనో ఒక్కచోట ఉన్న ఊరు ఎంచుకుంటే పెట్టిన పైసకు గిట్టుబాటు. ఎవరూ వినని ఊరికి పోయి వస్తే వచ్చాక చెప్పుకోవడానికి కూడా ఏమీ ఉండదు. ఇది మా గ్రూపు మాటే కాదు. పన్నెండు రోజుల్లో తొమ్మిది దేశాలు తిప్పే ప్యాకేజీలన్నీ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి. హైదరాబాదులో, డల్లాస్‌లో, లండన్‌లో మనవాళ్లు సెలవు దొరికితే వేసే లెక్క కూడా ఇదే.

రోముకు ఓటేసిన అక్కను అడిగాను, ఆడ ఏమున్నదే అని. "పోపు ఉంటడు" అన్నది. బావను అడిగితే "మెస్సీ" అన్నాడు. మెస్సీ బార్సిలోనా వదిలి 2021లోనే పోయాడు. ఇప్పుడు ఏకంగా అమెరికాలో ఆడుతున్నాడు. సిరిసిల్ల చెల్లె ఆ నీలం గుమ్మటాలు ఏ సినిమా పాటలో చూసిందో ఆమెకే గుర్తు లేదు. 2011లో జిందగీ నా మిలేగీ దొబారా వచ్చాక మన దేశం నుంచి స్పెయిన్‌కు పోయేవాళ్లు ఎగబడ్డారు. టమాటాలతో కొట్టుకునే బున్యోల్ అనే చిన్న ఊరి పేరు అప్పటిదాకా ఇక్కడ ఎవరు విన్నారు? పేరు ఊరికే రాదన్నది నిజమే. అది వచ్చే దారి మాత్రం ఇట్లాంటిది. ఒకరు ఫోటో దిగిన చోటే ఇంకొకరు దిగాలని పోతారు. పోయినవాళ్లు ఇంటికి పంపే ఫోటో ముందే మన ఫోనులో ఉంటుంది. దాన్ని సరిచూసుకొని రావడానికి నాలుగు రోజులు, విమానం కిరాయి.

ఆ పేరున్న ఊళ్ల సంగతి కూడా చూద్దాం. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుం వసూలు చేయడం మొదలుపెట్టింది. ఆ పాత ఊళ్లో ఇప్పుడు కాపురమున్నవాళ్లు యాభై వేలు కూడా లేరు. బార్సిలోనాలో 2024 జులైలో స్థానికులు ఊరేగింపు తీసి, హోటళ్ల బయట తింటూ కూర్చున్న టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో చల్లారు. తమాషా కోసం చేసింది కాదది, ఇండ్ల కిరాయిలు ఆకాశానికంటాయని కడుపుమంట. టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరుకల్లా అన్నీ ఆపేస్తామని అక్కడి మేయరు ప్రకటించాడు. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కొండ మీదికి రోజుకు 20,000 మందినే పంపుతున్నారు, 2023 సెప్టెంబరు నుంచి. ఇక ఈస్టర్ నాడు రోము అంటే మహాశివరాత్రి నాడు వేములవాడ అనుకోండి. రాజన్న దర్శనానికి లైన్లో నిలబడ్డవాడికి తెలుసు, ఆ రోజు గుడి కనబడదు, ముందున్నవాడి వీపు కనబడుతుంది. భక్తుడికి అది చాలు, ఎందుకంటే వాడు గుడిని చూడ్డానికి రాలేదు. చూడ్డానికే పోయేవాడికి ఆ రోజే ఎందుకు?

(పేరున్నవాటిలో ఒకటి తప్పదంటే ఏథెన్స్ పో అని వాడికి చెప్పాను. గ్రీకు చర్చికి ఈస్టర్ ఈ ఏడాది ఏప్రిల్ 12న. అందరూ పండుగలో ఉన్న వారం అక్కడ ఇంకా పండుగ మొదలు కాదు. ఈ మాత్రం కూడా ఎవరూ చూడలేదు ఓటేసేముందు.)

రద్దీ లేకపోయినా నేను రోముకు ఓటు వేసేవాణ్ణి కాదు. రోములో తప్పేమీ లేదు. మా అల్లుడికి రోముతో పని లేదు, అంతే. ఇటలీలోనే ఉన్న రేవు ఊరు ట్రియెస్టెతో ఉంది. ఎట్లాగో చెప్పాలంటే జగిత్యాల నుంచి మొదలుపెట్టాలి.

జగిత్యాల కోట చూసినవాళ్లు మా గ్రూపులో ఎంతమంది అని అడిగాను. అందరూ చూశామన్నారు. అంటే బస్సులోంచి. లోపలికి పోయి గోడెక్కింది ఇద్దరం. చిన్నప్పుడు మా బాపు చెరుకు పైసల కోసం జగిత్యాల పోతూ నన్ను వెంటేసుకుపోతే, ఆయన పని అయ్యేదాకా నేను కోటలో తిరిగేవాణ్ణి. మిగతా కోటలకూ దీనికీ ఏదో తేడా ఉందని అప్పుడే అనిపించేది, ఏమిటో తెలిసేది కాదు. కరీంనగర్ పక్కన ఎలగందుల చూడండి. గుట్ట మీద ఉంటుంది, గుండ్రటి బురుజులు, పైకి ఎక్కుతుంటే ఆయాసం. శత్రువుకూ అదే ఆయాసం. జగిత్యాల కోట చదును నేల మీద ఉంది. గోడలు మందం, ఎత్తు అంతగా లేవు. చుట్టూ కందకం. బురుజులు గుండ్రంగా లేవు, బాణం మొనల్లాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. పైనుంచి చూస్తే మొత్తం ఒక చుక్క ఆకారం.

ఆ మొనలో నిలబడి కుడివైపు చూస్తే పక్క బురుజు దాకా గోడ పాదం మొత్తం కనబడుతుంది. ఎడమవైపు చూసినా అంతే. గోడ కింద దాక్కోవడానికి జానెడు చోటు దొరకదు. గుండ్రటి బురుజుకు ఆ సుగుణం లేదు. దాని ముందు భాగంలో పైనున్నవాడికి కనబడని చాటు ఒకటి మిగిలిపోతుంది, నిచ్చెన వేసేవాడు అక్కడే వేస్తాడు. ఫిరంగులు రానంత కాలం ఎత్తైన గోడ కట్టి నిశ్చింతగా ఉన్నారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు తుర్కుల ఫిరంగులకు బద్దలయ్యాయి. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ ఫిరంగులు లాగించుకొని ఇటలీ మీద పడ్డాడు. ఎత్తు గోడలు కూలిపోతుంటే ఇటలీ మేస్త్రీలు లెక్క మార్చారు. గోడ దించారు, మందం పెంచారు, వెనక మట్టి దట్టించారు, బురుజును మొన చేశారు. ఆ పద్ధతిని ఫ్రాన్సులో వోబాన్ అనే సైనిక ఇంజినీరు పతాక స్థాయికి తెచ్చాడు. అది సముద్రాలు దాటి వచ్చి 1747లో జగిత్యాలలో నిలబడింది.

ఆ ఇటలీ మేస్త్రీల లెక్కకు నిలువెత్తు నమూనా పాల్మనోవా. వెనిస్ పాలకులు 1593లో ఖాళీ నేల మీద గీత గీసి కట్టించిన ఊరు. తొమ్మిది మొనల చుక్క, మూడు దర్వాజలు, నడుమ ఆరు పలకల మైదానం. యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. ట్రియెస్టె నుంచి గంటలోపు దారి. రోముకు పోయినవాడికి కొలోసియం కనబడుతుంది, అబ్బా అనుకుంటాడు. జగిత్యాల కోట గోడెక్కినవాడు పాల్మనోవాకు పోతే తన ఊరి గోడకు తాత కనబడతాడు. మొన ఎంత వాలులో ఉంది, కందకం ఎంత వెడల్పు, ఇక్కడ రాయి ఏది, అక్కడ ఇటుక ఎందుకు అని వంద ప్రశ్నలు పుడతాయి వాడికి.

ఇంకో ప్రశ్న ఇక్కడి నుంచే పట్టుకుపోవచ్చు. జగిత్యాల కోట కట్టింది జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లని, వాళ్ల పేర్ల మీదే ఊరికి జగిత్యాల అని వచ్చిందని మా దగ్గర అందరూ చెప్తారు. నేనూ పిల్లలకు చెప్పాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నా. ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదుకొచ్చింది 1751లో. కోట తేదీ దానికి నాలుగేండ్ల ముందటిది. మరి ఆ ఫ్రెంచివాళ్లు ఎవరి కొలువులో, ఏ దారిన వచ్చారు? తేదీ తప్పా, పేర్లు కట్టుకథా, లేక బుస్సీ కంటే ముందే సొంతంగా కొలువు వెతుక్కుంటూ వచ్చిన పనిమంతులా? ఊరి పేరు సంగతి నేను నమ్మను. కోట ఆకారాన్ని మాత్రం నమ్మక తప్పదు, ఎదురుగా ఉంది.

పాల్మనోవాలో నాకు బాగా నచ్చిన సంగతి వేరే. అంత లెక్కగా కట్టారు గానీ ఉండటానికి జనం రాలేదు. సరిహద్దులో, రేపో మాపో యుద్ధమొచ్చే చోట ఎవడుంటాడు? చివరికి 1622లో నేరస్థులకు శిక్ష మాఫీ చేసి, ఇండ్ల జాగాలు ఉచితంగా ఇచ్చి తెచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు మా ముత్యంపేట గుర్తొచ్చింది. మాది దానికి తిరగేసిన కథ. ఇక్కడికి చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, జనం పిలవకుండానే వచ్చారు. సీజన్‌లో చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా రాత్రంతా లైను కట్టి ఉండేవి. ఎడ్ల మెడలో గంటలు, బండి కింద లాంతర్లు, ఊరంతా ఉడుకుతున్న రసం వాసన. సైరను కూస్తే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. 2015 డిసెంబరులో లేఆఫ్ అన్నారు. అప్పటినుంచి గేటుకు తాళం. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌దీ, మెదక్ దగ్గర మంబోజిపల్లిదీ ఒకే కథ. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వింటూనే ఉన్నాం.

ఆ గేటు ముందు పెరిగిన పిల్లవాడు ట్రియెస్టె రేవుకు పోతే ఏం చూస్తాడో ఆలోచించండి. 1918 దాకా ఆ ఊరు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యానికి సముద్రపు వాకిలి. సామ్రాజ్యం ముక్కలయ్యింది, వాకిలి మిగిలింది, ఇల్లు లేదు. పాత రేవులో గోదాములు వరుసగా, మేడల మీద మేడలు, దశాబ్దాల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఊరంతా ఏండ్ల కొద్దీ కొట్లాడుకొని, ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటి బాగుచేసుకుంటున్నారు. రోము శిథిలాలు చూసి మనం ముచ్చటపడతాం గానీ అవి మనల్ని ఏమీ అడగవు. ట్రియెస్టె గోదాములు ముత్యంపేటవాణ్ణి అడుగుతాయి: మీ ఫ్యాక్టరీని మీరేం చేశారు?

అదే ఊళ్లో ఒక వడ్ల మిల్లు ఉంది. రిసియేరా అంటే ఇటాలియన్‌లో అదే అర్థం, వడ్లు దంచే చోటు. 1898 నాటి ఇటుక కట్టడం. జర్మన్ నాజీలు ట్రియెస్టెను పట్టుకున్నాక ఆ మిల్లును చెరసాలగా మార్చి, మనుషులను చంపి, శవాలు కాల్చే కొలిమి కట్టారు. ఇటలీ నేల మీద కొలిమి ఉన్న నాజీ శిబిరం అదొక్కటే. 1965లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. మా జిల్లాలో రోడ్డు మీద పోతుంటే రైసు మిల్లు కనబడని ఊరు ఉండదు. ఊక కుప్ప, లారీలు, దుమ్ము, హమాలీల అరుపులు, ఇంత మామూలు వస్తువు ఇంకోటి లేదు. అట్లాంటి మామూలు మిల్లులోనే అది జరిగిందని తెలిసి నిలబడటం, పుస్తకంలో పోలండ్ శిబిరాల ఫోటో చూడటం ఒకటి కాదు. అక్క ఇది విని "సెలవుల్ల గవేం సూత్తర్రా" అన్నది. మ్యూనిక్‌లో బతికేవాడు చూడాలి. ఆ శిబిరం నడిపిన భాషలోనే వాడు రోజూ కూరగాయలు కొంటున్నాడు.

సరదా వద్దా మరి అని బావ. కావాలి. ట్రియెస్టెలో సముద్రముంది. బోరా అనే ఈదురుగాలి ఉంది, అది లేచిన నాడు జనం పడిపోకుండా పట్టుకోవడానికి వీధుల్లో తాళ్లు కట్టేవారు. కాఫీ ఉంది, ఇటలీకి కాఫీ గింజలు దిగుమతయ్యే పెద్ద రేవుల్లో అదొకటి. అక్కడ కాఫీకి మిగతా ఇటలీలో లేని పేర్లు. చిక్కటి నల్ల కాఫీని నేరో అనాలి, పాల నురగ వేసిన చిన్న కాఫీని కాపో అనాలి. మన దగ్గర హాఫ్ చాయ్, కడక్ చాయ్ అన్నట్టు. గంటలోపు దూరంలో అక్విలెయా ఉంది. క్రీస్తుకు పూర్వం 181లో రోమన్లు వేసిన ఊరు. అక్కడి చర్చిలో నేల కింద నాలుగో శతాబ్దపు రంగురాళ్ల చిత్రాలు బయటపడ్డాయి, వందల చదరపు మీటర్ల మేర. చేపలు, పడవలు, కోడిపుంజుతో కొట్లాడే తాబేలు. వాటి మీద గాజు దారి వేశారు, నడుస్తూ కాళ్ల కింద చూడొచ్చు. రోమన్లను చూడాలనుకుంటే ఇక్కడ తోపులాట లేకుండా చూడొచ్చు. ఆ రోమన్ల నాణేలు మనకూ కొత్త కాదు, పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేల రాశులతో పాటు అవీ దొరికాయి. అక్కడి వెండి ఇక్కడికి వచ్చి రెండు వేల యేండ్లయింది. మనమే ఇప్పుడు విశేషంగా పోతున్నాం.

ట్రియెస్టె అందరికీ మంచిదని నేననడం లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. సిరిసిల్ల చెల్లె అడిగితే ఆమెకు వేరే ఊరు చెప్తా. వాళ్లింట్లో సాంచాలు నడుస్తాయి. పొద్దంతా టకటక, ఆ చప్పుడు ఆగితేనే పిల్లలు నిద్రలోంచి లేస్తారు. ఆమె పోవాల్సింది ఫ్లోరెన్స్ పక్కన ప్రాటోకు. పాత ఉన్ని పేలికలు ప్రపంచమంతటి నుంచి తెప్పించి, చింపి, ఏకి, మళ్లీ దారం తీసి బట్ట నేసి బతికిన ఊరు. మూతబడ్డ ఒక బట్టల మిల్లులోనే అక్కడ నేత మ్యూజియం పెట్టారు. ఫ్లోరెన్స్‌కు లక్షల మంది పోతారు, అరగంట రైలు దూరంలోని ప్రాటోకు ఎంతమంది పోతారు? సాంచా మీద తెగిన పోగును కళ్లు మూసుకొని ముడేయగలిగిన మనిషి ఆ మ్యూజియంలో చూసేంత, ఇంజినీరింగ్ చదివినవాడు చూడలేడు. సాంటోరినిలో ఆమె చేయగలిగింది ఫోటో దిగడం.

దుబాయి తమ్ముడి సంగతి కూడా. పదకొండేండ్లుగా షట్టరింగ్ పని. దుబాయి ఎట్లుంటదిరా అంటే క్యాంపు నుంచి సైటు దాకా బస్సు కిటికీలోంచి కనబడ్డదే చెప్తాడు. పోయినసారి సుట్టీకి వచ్చినప్పుడు ధర్మపురిలో గోదావరి మెట్ల మీద కూర్చున్నాం. పక్కన కొత్తగా లేస్తున్న సత్రాన్ని ఒక్క చూపు చూసి, "స్లాబు పోసి వారం కాలేదు, అప్పుడే సెంట్రింగు ఇప్పిండ్రు, తప్పు" అన్నాడు. మా అందరిలో చూడటం తెలిసినవాడు వాడే. వాడి ఓటు వెనిస్‌కు పడ్డది, అది వేరే సంగతి.

మనవాళ్లకు ఇట్లా చూడటం చేతకాక కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ల మీదుగా కాశీకి పోయి 1831లో తిరిగొచ్చాడు. పోయింది పుణ్యానికి. రాసింది మాత్రం బాటలు, బావులు, మజిలీలు, ఏ ఊళ్లో ఏ దినుసు దొరుకుతుంది, ఎవరి పాలన ఎట్లుంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ పని చేసినవాడు, లెక్కలు, తగాదాలు తెలిసినవాడు గనక అవే కనబడ్డాయి. ఎవరి పని కళ్లు వాళ్లు వెంట తీసుకుపోతారు. రెండు వందల యేండ్ల కిందటి ఆ పుస్తకం ఇప్పటికీ పనికొస్తున్నది ఆ కళ్ల వల్లే.

ఇక అసలు కోపం. ఓట్ల తమాషా అయ్యాక అల్లుడు ఫోను పక్కన పెట్టి అన్నాడు: "26 సోమవారం కదా మామా, శని, ఆది కలిస్తే మూడు రోజులు. గోవా పోదామా? ఈడ ఏమున్నది, గుళ్లు తప్ప."

రోముకు ఓటు వేయించిన లెక్కే ఇది. పేరుంటేనే ఊరు అనుకున్నవాడికి తన ఊరు ఎప్పటికీ ఊరు కాదు. ఏమున్నదని అడిగితే చెప్తా విను అన్నాను. కరీంనగర్ దారిలో గంగాధర దగ్గర కురిక్యాల ఉంది. ఆ గుట్ట బండ మీద, బొమ్మలమ్మ అని జనం పిలిచే దేవత కింద, పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో దొరికిన తొలి కంద పద్యాలు అందులోవేనని పండితులు అంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చినప్పుడు ముందు పెట్టిన ఆధారాల్లో అదొకటి. ఆ పంపడు ఉన్నది వేములవాడలో, రెండో అరికేసరి కొలువులో. 941లో విక్రమార్జున విజయం రాశాడు, కన్నడంలో. కన్నడ సాహిత్యపు ఆదికవి మన రాజన్న ఊళ్లో కూర్చొని రాశాడని కోడె కట్టడానికి పోయే వేల మందిలో ఎంతమందికి తెలుసు? ఆ గుడి ఆవరణలోనే దర్గా ఉంది, మొక్కేవాళ్లు రెండు చోట్లా మొక్కుతారు. గుళ్లు తప్ప ఏమున్నదంటావు, ఆ గుళ్లల్లో ఏమున్నదో ఎన్నడన్నా చూసినవా? ధర్మపురిలో యముడికి గుడి ఉంది. చిన్నప్పుడు నువ్వు దాని ముందు ఏడ్చినవు, అంతే నీకు తెలిసింది. వెల్గటూరు మండలం కోటిలింగాలలో 1979 నుంచి తవ్వితే శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుడి నాణేలు, వాళ్లకంటే ముందటి గోబద, నారన, సమగోపల నాణేలు దొరికాయి. ఇప్పుడు సగం ఎల్లంపల్లి నీళ్ల అంచున ఉంది.

ఇంకో ముచ్చట, ఇది నవ్వుకోవడానికి. కొండగట్టు అంజన్న ఉన్న ఊరి పేరు కూడా ముత్యంపేటే. మన జిల్లాలో ముత్యంపేటలు రెండు. ఒకటి చక్కెరది, ఒకటి ఆంజనేయునిది. ఉత్తరాలు అటువి ఇటు వచ్చేవి.

అల్లుడి దగ్గర ఒక మంచి జవాబుంది, దాన్ని దాటేయను. "అన్నీ ఉన్నయి మామా, మంచిదే. కని ఆడ మూత్రశాల ఉంటదా? బోర్డుంటదా? ఈ రాయి ఏ కాలందో చెప్పెటోడుంటడా?" ఉండడు. చాలాచోట్ల ఉండదు. మా కోడలు ఎలగందుల గుట్ట ఎక్కి పూట గడవకముందే ఇంటికి పోదామన్నది ఆ కారణానికే, నేను ఆమెను తప్పుపట్టను. ఆడవాళ్లు నిశ్చింతగా దిగలేని చోటును చూడదగ్గ చోటని పిలవడం కూడా మోసమే. కానీ ఒకటి. వసతులు వచ్చాక జనం పోరు, జనం పోతుంటే వసతులు అడిగేవాళ్లు పుడతారు. జగిత్యాల కోటలో బోర్డు లేదని కలెక్టరుకు అర్జీ పెట్టాలంటే ముందు లేదని చూసినవాడు ఉండాలి. మనం బస్సులోంచి చూసి, ఏమీ లేదని తీర్పు చెప్పి, గోవా పోతే ఆ బోర్డు ఇంకో వంద యేండ్లు రాదు. వెనిస్‌కు మనిషి రాకను ఆపడానికి టికెట్టు పెడుతున్నారు, ఇక్కడ మనిషి రాక కోసం గోడలు ఎదురుచూస్తున్నాయి. మా అల్లుడు ఆ టికెట్టు లైనులోనే నిలబడతానంటే నేనేం చేసేది.

పిల్లలు ప్రపంచం చూడాలి, బావిలో కప్పలు కావొద్దు అని కూడా అన్నారు గ్రూపులో. అందుకే కదా ట్రియెస్టె పొమ్మంటున్నది. నేను పోవద్దన్న మాటే అనలేదు. నా మాట ఒక్కటే, వట్టి చేతులతో పోవద్దు. జగిత్యాల గోడ ఎక్కి, దాని మొనలో నిలబడి కుడీ ఎడమా చూసినవాడు పాల్మనోవాలో మూడు గంటలు తిరుగుతాడు. ఎక్కనివాడు పది నిమిషాల్లో ఐస్‌క్రీము కొనుక్కొని రైలెక్కుతాడు. టికెట్టు ధర ఇద్దరికీ ఒకటే.

రోము మీద ఓటు ఇంకా గ్రూపులో పైనే ఉంది. టికెట్లు ఇంకా కొనలేదు వాడు, ధర చూస్తున్నాడట. గోవా మాత్రం ఆగింది. 24 శనివారం పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాల బస్సెక్కుతున్నాం, నేను, అల్లుడు, సిరిసిల్ల చెల్లె పిల్లలు ఇద్దరు. బావ కూడా వస్తానన్నాడు, మోకాళ్లు సహకరిస్తే. మీది ఆ దిక్కే అయితే రండి, పొద్దున పదింటికల్లా కోట దర్వాజ దగ్గర ఉంటాం. నీళ్ల సీసా తెచ్చుకోండి, లోపల దొరకవు.